ఊరు మంచిదైతేనే నోరు మంచిది

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని పెద్దలు అంటారు. మాటతీరు గురించి పుట్టిన సామెత అది. నల్లగొండ, పాలమూరు జిల్లాల పిల్లల పళ్లు చూస్తే మాత్రం ఆ సామెతను తిరగేసి చదువుకోవాలి. ఊరి నీళ్లు, ఊరి బాట, ఊరి కూలి రేటు ఎట్లుంటే నోరు అట్లుంటుంది. దంతవైద్యం చదివే విద్యార్థికి ఈ సంగతి ఎట్లా నేర్పాలి? అది డాక్టర్ల గొడవ, మనకెందుకు అనుకోవద్దు. ఎవరి తప్పుకు ఎవరిని నిందించాలి అనే న్యాయపు ప్రశ్న ఇందులో ఉంది.

మన ప్రాంతంలో నార్కట్‌పల్లిలో ఒకటి, మహబూబ్‌నగర్‌లో ఒకటి దంతవైద్య కళాశాలలున్నాయి. బీడీఎస్ చదువులో ప్రజారోగ్య దంతవైద్యం ఒక సబ్జెక్టు. మిగతా సబ్జెక్టులు కుర్చీలో కూర్చున్న ఒక్క మనిషి పన్నును చూడటం నేర్పిస్తాయి. ఊరందరి నోటినీ ఒక్కచోట పెట్టి చూడటం ఈ సబ్జెక్టు నేర్పాలి.

ఆ పుస్తకాల్లో ఫ్లోరైడ్ కథ అమెరికాలో మొదలవుతుంది. కొలరాడో స్ప్రింగ్స్ ఊరికి 1901లో వచ్చిన మెకే అనే డాక్టరు అక్కడి వాళ్ల పళ్ల మీద గోధుమరంగు మరకలు చూశాడు. నీళ్లలోని ఫ్లోరైడే కారణమని 1931లో తేలింది. కొద్దిపాటి ఫ్లోరైడ్ పిప్పిపళ్లను తగ్గిస్తుందని కూడా ఆ తర్వాత తెలిసి, 1945లో గ్రాండ్ ర్యాపిడ్స్ నగరం తాగునీటిలో దాన్ని కలపడం మొదలుపెట్టింది. అక్కడ కొలిచి కలుపుకున్నారు. ఇక్కడ మన నల్లరాళ్ల కింది నీళ్లు అడగకుండానే మోతాదుకు మించి పోశాయి. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన దేశంలో ఈ జబ్బును 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో గుర్తించి రాశారు. నల్లగొండ జిల్లా సంగతి 1955లో బ్రిటన్ వైద్య పత్రికకు ఎక్కింది. ఇక్కడి పిల్లల మోకాళ్లు లోపలికి వంగిపోవడం గురించి హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1973లో రాశారు. అంటే లోకానికి తెలియక జరిగిన అన్యాయం కాదిది.

ఇక్కడ ఒక చిన్న శాస్త్ర విషయం పెద్ద నీతి విషయం అవుతుంది. ఫ్లోరోసిస్ మరక పన్ను చిగురు పైకి వచ్చాక అంటుకునేది కాదు. చిగురు లోపల పన్ను తయారవుతున్నప్పుడే, సుమారు ఎనిమిదేళ్లలోపు తాగిన నీళ్లతో పడుతుంది. ఎంత తోమినా పోదు. అయినా బస్సులో, బడిలో, పెళ్లిచూపుల్లో అదే మాట: "పళ్లు తోముకోవా?" తోముకునే పిల్లను తోముకోలేదని నిందించడం అది. తెల్ల కోటు వేసుకున్న మనిషి కూడా అదే మాట అంటే, ఆ పిల్ల జీవితాంతం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే నవ్వుతుంది.

రాయి అందరి కిందా ఒక్కటే. జబ్బు మాత్రం అందరికీ ఒక్క తీరుగా రాలేదు. కొనగలిగినవాళ్లు శుద్ధి చేసిన నీళ్ల డబ్బా తెచ్చుకున్నారు, పాలు తాగారు. తండావాళ్లు, కూలికి పోయేవాళ్లు బోరు నీళ్లే తాగారు. కృష్ణ మన జిల్లాల అంచునే పారుతుంది. నాగార్జునసాగర్ కాలువ పల్లపు పొలాలకు పోయింది. దేవరకొండ, మునుగోడు, మర్రిగూడ మెట్టలకు చాలా ఏళ్లు బోర్లే దిక్కయ్యాయి. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ తయారుచేస్తే దానికి నల్లగొండ పద్ధతి అని పేరొచ్చింది. ఆ పేరు టాంజానియా దాకా పోయింది. కానీ పటిక రోజూ కొలిచి కలపాలి, అడుగున చేరిన మడ్డి తీసి పారబోయాలి. ఆ పని చేసే మనిషికి జీతమిచ్చేవాళ్లు లేకపోతే పద్ధతి పేరుగానే మిగులుతుంది. మిషన్ భగీరథ పైలాన్‌ను 2015లో చౌటుప్పల్‌లో నిలబెట్టారు. నది నీళ్లు అందిన ఊళ్లలో ఇప్పుడు పుట్టే పిల్లలకు ఆ మరక తప్పాలి. వంగిన ఎముకలు మాత్రం తిరిగి నిటారు కావు.

ఇప్పుడు ఇంకో ఆపద వచ్చింది. తండా కొట్టులో ఐదు రూపాయల తీపి ప్యాకెట్లు, గుట్కా వేలాడుతున్నాయి. పన్ను పుచ్చితే అమ్రాబాద్ అడవిలోని చెంచు పెంట నుంచి పట్నం పోయి రావడానికి ఒక రోజు కూలి, బస్సు చార్జీ పోతాయి. నాలుగుసార్లు పోతే పన్ను నిలుస్తుంది, ఒక్కసారి పోతే పీకించుకోవచ్చు. పేదవాడు పీకించుకుంటాడు. అవసరం ఎక్కువున్న చోటే వైద్యం తక్కువగా దొరుకుతుందని టూడర్ హార్ట్ అనే వేల్స్ డాక్టరు 1971లో రాశాడు. మన పెంటలకు ఆ మాట కొత్త కాదు.

అయితే తప్పంతా ప్రభుత్వానిదేనా? మనిషి బాధ్యత ఏమీ లేదా? ఈ ప్రశ్నను దాటెయ్యకూడదు. ఎంచుకునే వీలు ఎంత ఉంటే బాధ్యత అంత అని మన అభిప్రాయం. తాగే బోరును పసిపిల్ల ఎంచుకోలేదు, కాబట్టి మరకలో ఆమె తప్పు రవ్వంత లేదు. గుట్కా కొనే యువకుడికి కొంత వీలుంది, కాబట్టి కొంత బాధ్యత ఉంది. అమ్మే కంపెనీకి, ఆపగల అధికారికి అంతకంటే ఎక్కువ వీలుంది. ఇట్లా లెక్క వేస్తే బాధ్యత కిందినుంచి పైకి పెరుగుతూ పోవాలి. మన దగ్గర నింద మాత్రం పైనుంచి కిందికి జారుతుంది.

అందుకే తండాకు వచ్చే దంతవైద్య విద్యార్థికి మొదట బోరు చూపించాలి, తర్వాతే నోరు. బస్సు చార్జీ ఎంతో, కూలి ఎంతో అడిగించాలి. ఆ విద్యార్థి మన నోళ్లలోనే పని నేర్చుకుంటాడు. పళ్లు లెక్కపెట్టి కాగితం మీద రాసుకుపోతే మన దగ్గర అప్పు చేసినట్టే. ముందు అనుమతి అడగాలి, తర్వాత తేలిందేమిటో మనకు అర్థమయ్యే మాటల్లో వచ్చి చెప్పాలి. లెక్క రాసుకున్నవాళ్లు లెక్క అప్పజెప్పాలి.

మన వంతు పనులూ ఉన్నాయి. మరక ఎందుకు పడుతుందో ప్రతి తరగతిలో చెబుదాం. బడి నీళ్లను పరీక్ష చేయించి ఫలితాన్ని గోడ మీద రాద్దాం. తోమడం ఆపొద్దని, మరక పోకపోయినా పిప్పి ఆగుతుందని పిల్లలకు చెబుదాం. 2022లో రాష్ట్రంలో గిరిజన రిజర్వేషన్ పది శాతమైంది. మన పిల్లలూ రేపు దంతవైద్యులవుతారు. వాళ్లు తండాకు తిరిగొచ్చినప్పుడు మొదటి ప్రశ్నగా "ఏ నీళ్లు తాగుతున్నారు?" అని అడిగేలా ఇప్పటినుంచే తయారుచేద్దాం.