పాలు మానిన ధనుర్మాసము

మా యింట మూడు తరములుగా మాంసము వండుట లేదు. ఈ మాట గొప్పకై వ్రాయుట లేదు. ఏ యింట బుట్టినవాడు ఆ యింటి కూడు తినును. అందు వాని ప్రయత్న మేమియు లేదు. మే మీ వర్ధన్నపేటలోనే వీథి కావలి యింట బుట్టియుండినచో ఆదివారమునాడు కోడికూర తినుచుండెడివారమే. 2014 లో జరిగిన ప్రభుత్వపు నమూనా సర్వేలో, తెలంగాణమున పదునైదేండ్లు నిండినవారిలో నూటికి 98 మందికి పైగా మాంసాహారులే యని తేలినది. అట్టి చోట మాబోటి కొలదిమంది, అహింసాపరులను బిరుదమును తమకు తామే తగిలించుకొని తిరుగుచున్నారు. ఆ బిరుదమునకు మే మెంతవఱకు దగుదుమో చూడవలె నను బుద్ధి గడచిన మార్గశిరములో మాకు బుట్టినది. బుట్టించినది మా కుమార్తె.

ఆమె హనుమకొండలో చదువుకొనుచున్నది. ఒక యాదివార మింటికి వచ్చి, ఇచ్చిన చాయ త్రాగక ప్రక్కన బెట్టి, "నాయినా, మాంసం తినేటోళ్ళను జూసి మనం మొహం తిప్పుకుంటం గదా. మనకు పాలు పోసే అవ్వ ఇంట్ల పోతుదుడ్డె పుడితె అదేమైతదో ఎన్నడన్న అడిగినవా?" అనెను.

మే మెన్నడు నడుగలేదు. ఇరువదియేండ్లుగా మా గుమ్మములో పాలు పోయుచున్న యామెకు బఱ్ఱె లెన్ని యున్నవో కూడ మాకు దెలియదు.

పాలు, పెరుగు, నేయి, తేనె మొదలుకొని జంతువునుండి వచ్చునది యేదియు ముట్టని నియమమునకు ఆంగ్లేయులు వీగన్ ఆహార మని పేరిడిరి. 1944 నవంబరులో డొనాల్డ్ వాట్సన్ మొదలగు కొంద ఱింగ్లండులో నొక సంఘముగా జేరి, వెజిటేరియన్ అను మాట తలను తోకను గలిపి యీ పేరు గల్పించిరి. 2014 మొదలు ఆ దేశమున, జనవరి యంతయు నీ నియమమును బాటించి చూడుడని యొక యుద్యమము బయలుదేరి యితర దేశములకును బ్రాకినది. అచ్చట జనవరి పగలు పొట్టిదై, ఎండ మొగము చూపని దిగులు నెల. క్రిస్మసు విందులు ముగిసి జనులు క్రొత్త సంకల్పములు చేసికొను నెలయు నదియే.

మన కిది మఱియొక రూపమున బాతదే. ధనుర్మాసమున తెల్లవాఱక మున్నే విష్ణ్వాలయములలో బఠింపబడు తిరుప్పావైలో, రెండవ పాశురముననే గోపకన్యలు వ్రతకాలమందు నేయి పాలు ముట్ట మని నియమము చెప్పుకొందురు. ఇరువదియేడవ పాశురము నాటికి వ్రతము ఫలించి, నేయి పొరలు పాలన్నమునకు గూర్చుందురు. గొల్లపల్లెలో బుట్టిన పిల్లలకు పాలు మానుట యెంతటి పనియో ఆండాళ్ళమ్మ యెఱుగును. అయితే యచ్చట మానుట పాలయందు దోషముండి కాదు. ప్రియమైన వస్తువు గనుక దేవునికై విడుచుట. మా సందేహము వేఱు. పాలయందే దోషమున్నదేమో యని మా భయము. అయినను నెల దొరకినది గదా యని, ధనుస్సంక్రమణము మొదలు భోగి వఱకు పాడి సంబంధమైన దేదియు ముట్ట మని సంకల్పించుకొంటిమి.

వర్ధన్నపేట చలి యింగ్లండు చలి కాదు గాని, పుష్యమును శూన్యమాస మని పెద్దలు పేరుపెట్టుట యూరక గాదు. పెండ్లిండ్లు లేవు, బాజాలు లేవు. ఆకేరు వాగుమీదినుండి లేచిన మంచు ఖమ్మము బాటను గప్పి, ప్రొద్దెక్కు వఱకు లారీలు దీపములు వేసికొని నడచును. అట్టి యుదయమున అల్లము బెల్లము వేసిన పాలులేని చాయ త్రాగితిమి. రుచి చెడ్డది గాదు. చాయ కాదని నాలుక మాత్రము దినదినము ఫిర్యాదు చేయుచునే యుండెను. అంతకంటె గష్టము పెరుగు లేని భోజనము. మజ్జిగతో ముగింపని భోజనము ముగిసినట్లే తోపదు. చేయి కడుగుకొనక పళ్ళెము ముందు గూర్చుండి, ఇంక నేదో రావలె నని చూచుచుంటిమి.

తక్కిన వంటలో లోటు లేదు. ఇది చిక్కుడుకాయ, అనపగింజల కాలము. జొన్నరొట్టె, పల్లీల పొడి, పచ్చిపులుసు, సర్వపిండి, నువ్వులు కలిపిన సకినాలు, వీనిలో వేనికి పాలు గావలెను? లెక్కించి చూచిన మన యూరి పేదవాని పళ్ళెములో పాలచుక్క యెన్నడో గాని లేదు. జొన్నగట్క తిని చేనికి బోయిన కూలివాని యింట బఱ్ఱె యుండినను, ఆ పాలు అమ్ముటకే గాని త్రాగుటకు గావు. మేము త్యాగ మనుకొని కూర్చున్న పళ్ళెము వారి నిత్యభోజనము. ఈ సంగతి తోచిన దినమున మాకు మా సంకల్పముమీద గొంచెము సిగ్గు కలిగెను.

మఱియొక సిగ్గు మా యింటిలోనే గలిగెను. పాలకు బదులుగా పల్లీలు నానబెట్టి, మిక్సీలో రుబ్బి, గుడ్డలో బోసి పిండి పాలు దీయవచ్చు నని చదివి మా యిల్లాలికి జెప్పితిమి. ఇట్టి సలహా లన్నియు, పిండువా రొకరు వంటయింట సిద్ధముగా నున్నా రనుకొని వ్రాయబడునవి. సంకల్పము మాది, పిండుట యామెది. పదునొకండవనాడు ఆమె తడిగుడ్డ మా చేతి కిచ్చి, "మీ అహింస నా మణికట్టుకు తెలుస్తున్నది" అనెను. నాటినుండి మేమే పిండితిమి. పల్లీపాలు వేడి చాయలో విరిగిపోవు నని కూడ అప్పుడే తెలిసికొంటిమి. స్త్రీపునర్వివాహమునకు జదువునకు సభలలో జేతులెత్తిన మనము, మన వ్రతములకు వడ్డించువా రెవరో యిప్పటికిని దలచుకొనుట లేదు.

ఇక పాలామె సంగతి. సంకల్పము చేసిన మఱునాడు వలదనగా, ఆమె క్యాను గడపమీద బెట్టి, "ఏం సారూ, పాలు వద్దంటున్రు? నేను నీళ్ళు గల్పుతున్న ననుకున్నరా?" అనెను. కాదు కాదని, హింస, అహింస యని యేదో చెప్పబోయి, తుదకు మా కుమార్తె ప్రశ్ననే యామె నడిగితిమి. ఆమె దాచలేదు.

"ఆడదుడ్డె అయితె సాదుకుంటం సారూ. పోతుదుడ్డె అయితె బర్రె చేపాలె గన్క నాలుగు నెలలు ఉంచుకుంటం, ఆ తర్వాత అంగట్ల అమ్ముతం. ఎవరు కొంటరో, ఎటు తోల్కపోతరో మాకు తెల్వదు. ఎనుకట నాగలికో బండికో పనికొచ్చేది. ఇప్పుడు ట్రాక్టరు దున్నవట్టె. పనిలేని పోతును గడ్డేసి సాదుమంటె, నేనేం దిని బతకాలె?"

ఈ ప్రశ్నకు మావద్ద జవాబు లేదు. మా యింటికి దినమునకు లీటరున్నర చొప్పున నెలకు నలువదియైదు లీటర్లు. ఆ పైక మామె కేలబట్టుకొని తినునది గాదు. తవుడునకు, పత్తిచెక్కకు ముందే యప్పు వ్రాయించుకొన్నది. పాలు వలదు గాని పైక మిత్తుమంటిమి. "పాలు పొయ్యకుంట పైసలు దీసుకుంటె అది బిచ్చమైతది సారూ" అని క్యాను దీసికొని పోయెను. తరువాత విచారింపగా, ఆ లీటరున్నరను ఒక హోటలునకు, లీటరుకు పది రూపాయలు తక్కువకు బోయుచున్నదని తెలిసినది.

మా సందేహమున కొక జవాబు దొరకినది: పాలలో హింస యున్నది. కాని యది యామె క్రూరత్వమువలన వచ్చినది కాదు. ఆమె తన దూడను ముద్దుపెట్టుకొనుట మేము చూచితిమి. పోతుదుడ్డెను తుదివఱకు సాకుటకగు గడ్డి ఖర్చు మేమిచ్చు పాల ధరలో లేదు. దానిని మేము ఎన్నడు నిచ్చియుండలేదు, ఇచ్చుట కొప్పుకొనియు నుండము. చవుకగా పాలు త్రాగి, ఆ దూడ యంగడికి బోయినప్పుడు కన్నులు మూసికొని, కొన్నవానిని కటికవాడని తిట్టుచు ఇరువదియేండ్లు గడపితిమి. మాంసము తినువాడు తాను తినుచున్న దేదియో యెఱుగును. మాకంటె నతని యందే సత్య మొక పాలు హెచ్చుగా నున్నదేమో.

అయితే, పాలు మానిన మాత్రమున ఆ దుడ్డె బ్రదుకలేదు. ఆమెకు నష్టము వచ్చినది, హోటలువానికి లాభము వచ్చినది, మాకు గొంచెము గర్వము వచ్చినది. ఒక యిల్లు మానినప్పు డింతే. పదివేల యిండ్లు మానినప్పుడు వేఱుగా నుండవచ్చును. కాని యప్పు డామె గతి యేమి యని యెవరో యొకరు ముందుగానే ఆలోచింపవలసి యుండును.

పందొమ్మిదవనాడు మబ్బు బట్టి ముసురు గురిసినది. మా తల్లిగారికి డెబ్బదియెనిమిదేండ్లు. ఆమెకు నియమము లేదని మొదటనే చెప్పి, ఆమె కొఱకు పాకెట్టు పాలు వేఱుగా దెప్పించుచుంటిమి. ఆనాడు ఆమె గొంగళి విడిచి లేవబోయి, కన్నులు తిరిగి గోడ బట్టుకొనెను. వైద్యుడు వచ్చి చూచి, తిండి తగ్గినది, బలహీనత యనెను. ఏమి తగ్గిన దని యిల్లాలిని అడుగగా, అత్తగారు పదునైదు దినములనుండి తన పాలు ప్రక్కయింటి పిల్లవానికి ద్రాపుచున్న సంగతి బయటపడినది. మేము కోపపడితిమి. ఆమె, "కొడుకు నోరు గట్టుకోని కూసుంటె తల్లి గొంతుల పాలెట్ల దిగుతయిరా బిడ్డా?" అనెను.

మే మెవరికిని ఆజ్ఞ యీయలేదు. కాని యింటి యజమాని చేసికొన్న సంకల్పము ఇంటనున్నవారి చెవులకు ఆజ్ఞగానే వినబడును. ఆ రాత్రి ఆమె యెదుట గూర్చుండి అరగ్లాసు పాలు త్రాగితిమి. అది చూచిన పిమ్మటనే ఆమె త్రాగెను. నెలలో మా నియమ మా యొక్క దినము తప్పినది.

గాంధిగారి కథ చదువరు లెఱిగినదే. కలకత్తాలో గోవులను బఱ్ఱెలను ఎట్లు హింసించి పాలు పిదుకుచున్నారో చదివి, ఆయన 1912 లో దక్షిణాఫ్రికాయందు టాల్‌స్టాయి క్షేత్రమున, కాలెన్‌బాక్ అను మిత్రునితో గూడ పాలు విడిచెను. 1918 లో ఖేడాలో జబ్బుపడి యెముకలు మిగిలిన పిమ్మట, మీ ప్రతిజ్ఞ ఆవుపాలను బఱ్ఱెపాలను గూర్చినది గదా, మేకపాల కేమి యడ్డమని కస్తూరిబా యడిగెను. ఆయన మేకపాలు త్రాగి బ్రదికెను; ప్రతిజ్ఞయొక్క యక్షరము నిలిచి, ఆత్మ పోయిన దని తన యాత్మకథలో వ్రాసికొని దుఃఖించెను. చిన్నతనమున ఆ ఘట్టము చదివినప్పుడు మాకు కస్తూరిబామీద గొంచెము కినుక గలిగినది, మహావ్రతమును మాటల నేర్పుచే జెఱచినదని. అమ్మ గోడ బట్టుకొన్న నాటినుండి ఆ కినుక లేదు. వ్రతము చేసినవానికి వ్రతభంగమును గూర్చి దుఃఖించు తీఱిక యున్నది; రోగి ప్రక్కన మేలుకొనియున్నవారికి అదియు లేదు.

శాస్త్రమును గూర్చి రెండుమాటలు. నెల దినములు పాలు మాని ఆరోగ్యముగా నుంటిమని యెవరేని చెప్పిన, అది ఋజువు గాదు. బి12 అను జీవసత్త్వమును మొక్కలు తయారుచేయవు, సూక్ష్మజీవులే చేయును, మనకు మాంసము, గ్రుడ్లు, పాలవలన జేరును. కాలేయములో దాని నిలువ యేండ్ల తరబడి యుండును గనుక, మానిన ఫలము నెలలో దెలియదు. నియమమును సాగింప దలచినవారు మాత్ర వేసికొనవలసినదే. ముసలివారి దేహము దానిని సరిగా గ్రహింపదు గనుక వారి విషయమున మఱింత జాగ్రత్త కావలెను. సున్నపు ధాతువునకై యంత భయము లేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారి పాత పట్టికలలో, నూఱు గ్రాముల బఱ్ఱెపాలకు 210 మిల్లీగ్రాములు, తైదలకు 344 అని యున్నది. తైదలలోని దంతయు ఒంటబట్ట దనుట నిజమే. అయినను వానిని పేదల తిండి యని విడిచితిమి గదా!

ఇంతమాత్రముచే అందఱికి నుపదేశింప బూనుట తగదు. 2015 జనవరి 1 న ఆరంభమైన ఆరోగ్యలక్ష్మి పథకము, అంగన్‌వాడిలో గర్భిణులకు బాలింతలకు ఒక పూట యన్నముతో గ్రుడ్డును, 200 మిల్లీలీటర్ల పాలను ఏర్పఱచినది. పత్తి యేఱి వచ్చిన గర్భిణి యా గ్లాసు పట్టుకొని నిలుచున్నప్పుడు, దూడ సంగతి యామెకు జెప్పుటకు మాకు నోరు రాదు. చెప్పవలసినచో మూడుపూటల పెరుగు తినువారికి, పెండ్లివిందులో నేతిలడ్లు విస్తళ్ళలో విడిచివచ్చువారికి చెప్పవలెను. అనగా ముందుగా మా బంధువులకు.

సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతర ఆరంభమైనది. గొల్లకురుమల దేవుడు, బోనము లెత్తుకొని, డోలు మ్రోతలతో జనము మా యూరి బాటను బోవుచుండిరి. అందు మా పాలామెయు గనబడెను. పండుగ కడచిన మూడవనాడు ఆమె యింటికి బోయి, అమ్మకు మాత్రము దినమునకు అరలీటరు పోయుమని యడిగితిమి, మాకు వలదంటిమి. ధరలో దుడ్డె గడ్డిపాలు కూడ వేసి చెప్పుమంటిమి. ఆమె నవ్వి, "హోటలాయనకు మాటిచ్చిన సారూ, ఉగాది దాక ఆగున్రి" అనెను. కొట్టములో రెండు బఱ్ఱెలు, ఒక యాడదుడ్డె యున్నవి. రెండవ కట్టుగొయ్య ఖాళీగా నున్నది.

పాడి గల చదువరులు కొందఱు మన పత్రికకు గలరు. పోతుదుడ్డెల నెవరేని తుదివఱకు సాకుచున్నారా, సాకుటకు నెల కెంత యగుచున్నది, ఆ ఖర్చు పాల ధరపై వేసిన లీటరున కెంత పెరుగును, ఈ లెక్క తమ యనుభవమునుండి వ్రాసి పంపిన, వచ్చు సంచికలలో బ్రకటింతుము.