అన్నం పెట్టిన చెయ్యి

పెంపుడు జంతువులకి పేర్లు పెట్టుకోవడం మనకి కొత్తేం కాదు. ఆవుకి గౌరి అంటాం, పిల్లికి చిట్టి అంటాం. పేరు పెట్టామంటే ఇంట్లో మనిషి కింద జమకట్టినట్టే. నార్వే, ఐస్‌లాండ్ దేశాల పాత పురాణాల్లోనూ అంతే. ఓడిన్ దేవుడి ఎనిమిది కాళ్ల గుర్రం స్లీప్‌నిర్. లోకమంతా తిరిగొచ్చి ఆయన చెవిలో కబుర్లు వేసే బొంతకాకులు రెండు: హుగిన్ అంటే ఆలోచన, మునిన్ అంటే జ్ఞాపకం. లోకవృక్షం కొమ్మ మీది గద్ద మాటలు వేళ్ల దగ్గరి సర్పానికీ, సర్పం మాటలు గద్దకీ చేరవేసే ఉడత రాటటోస్క్. అలాంటి ఉడత లేని వీధి ఉందంటారా?

కానీ నన్ను పట్టుకు వదలనిది మాత్రం ఫెన్రిర్ అనే తోడేలు. 1220 ప్రాంతంలో ఐస్‌లాండ్‌లో స్నోరి స్టర్లుసన్ రాసిన ‘ఎడ్డా’లో దీని కథ ఉంది. లోకికీ ఒక రాక్షస స్త్రీకీ పుట్టిన ముగ్గురు బిడ్డల్లో ఇదొకటి. ఆ ముగ్గురి వల్లా చేటు తప్పదని జోస్యం. సర్పాన్ని సముద్రంలోకి విసిరేశారు. ఆడపిల్లని చచ్చినవాళ్ల లోకానికి పంపేశారు. తోడేలుని మాత్రం దేవతలు తమ దగ్గరే పెంచారు. దగ్గరికెళ్లి తిండి పెట్టే ధైర్యం టీర్ అనే దేవుడొక్కడికే ఉండేది.

అది పెరిగినకొద్దీ వాళ్ల భయమూ పెరిగింది. రెండుసార్లు సంకెళ్లు వేస్తే తెంపేసింది. అప్పుడు మరుగుజ్జుల చేత పట్టురిబ్బను లాంటి మెత్తని కట్టు చేయించారు. దేనితో అనుకున్నారు? పిల్లి అడుగుల చప్పుడు, ఆడదాని గడ్డపు వెంట్రుకలు, కొండ వేళ్లు, ఎలుగుబంటి నరాలు, చేప ఊపిరి, పక్షి ఉమ్మి! చాలావరకు లేని వస్తువులే. అది చెయ్యని నేరం కూడా అలాంటిదే కదూ.

తోడేలుకి అనుమానం వచ్చింది. మోసం లేదని నమ్మకం కుదరడానికి ఎవరైనా తన నోట్లో చెయ్యి పెట్టాలంది. తెంపుకోలేకపోతే విప్పేస్తామన్న దేవతలు మొహమొహాలు చూసుకున్నారు. టీర్ ముందుకొచ్చి కుడిచెయ్యి పెట్టాడు. కట్టు బిగిసింది. ఎవరూ విప్పలేదు. అందరూ నవ్వారు, టీర్ తప్ప. అతని చెయ్యి పోయింది.

లోకక్షేమం కోసం చేశారంటారా? కంసుడూ జోస్యం విని భయపడే దేవకిని ఖైదులో పెట్టాడు; అతన్ని మనం క్షమించలేదు. పవిత్రమైన తమ నేల నెత్తురుతో మైలపడుతుందని దేవతలు ఫెన్రిర్‌ని చంపలేదట. నెత్తురుతో మైలపడే నేల అబద్ధంతో మైలపడదా?

చెయ్యి పోగొట్టుకున్నాడు కనక టీర్ బాకీ తీరిపోయిందని సరిపెట్టుకోవచ్చు. నాకలా అనిపించదు. ఎంత ఖరీదు కట్టినా మోసం మోసమే. నాకు అతనిలో నచ్చింది ఆ నవ్వకపోవడం. తప్పనిసరై చేసినా, చేసింది అన్యాయమని అతనికి తెలుసు. మిగతావాళ్లు క్షేమాన్ని పంచుకుని, ఖర్చు అతనొక్కడి మీద వేశారు.

మన ఇళ్లలో మాత్రం? “వీడు చెడిపోతాడు” అని ఏడో ఏటే జాతకం రాసేస్తాం. వాడి చుట్టూ ముళ్లు బిగించాల్సి వచ్చినప్పుడు అందరూ చూసేది వాడికి అన్నం పెట్టే మనిషి వైపే. “నువ్వు చెప్తే వింటాడు, ఊరికే చూసొద్దామని చెప్పి హాస్టల్లో దింపి రా” అంటారు. తల్లి చెయ్యి పట్టుకునే కదా వాడు గుమ్మం దాటేది! తర్వాత వాడు కరిచేదీ ఆ చేతినే.

చివరికి రాగ్నరోక్ నాడు కట్టు తెగి, ఫెన్రిర్ ఓడిన్‌ని మింగేస్తుంది. జోస్యం నిజమని కట్టారో, కట్టినందుకే జోస్యం నిజమైందో కథ చెప్పదు. మనకి మాత్రం ఒకటి చేతనవును. “నువ్వు చెప్తే వింటాడు” అని ఎవరైనా ముందుకు తోస్తే, చెయ్యి చాపేముందు ఒక్క మాట అడగొచ్చు: విప్పుతానంటున్నారే, నిజంగా విప్పుతారా?