‘ఏది’ కంటే ముందు ‘ఎందుకు’

ఐఫోన్ కొనాలా, శామ్‌సంగ్ గెలాక్సీ కొనాలా? నేడు అనేక కుటుంబాల్లో ఇదే చర్చ. కెమెరాలు, ధరలు, నెలవారీ వాయిదాలు పోల్చి చూస్తారు. పోల్చడం తప్పు కాదు, అదీ వివేకమే.

అయితే 13వ శతాబ్దపు వేదాంతి పునీత తోమస్ అక్వినాస్ ఒక క్రమం నేర్పారు. మనం తర్కించుకునేది మార్గాల గురించి. గమ్యం అంతకు ముందే స్థిరపడి ఉండాలి. మనమో, మార్గాలు రెండింటినీ తూచి తూచి గమ్యాన్ని మరుస్తున్నాం.

శామ్‌సంగ్ 2024లో తన గెలాక్సీ ఎస్24కు 7 సంవత్సరాలు భద్రతా అప్‌డేట్లు ఇస్తామని ప్రకటించింది. తయారుచేసినవారే ఏడేళ్ళు పనికివస్తుందన్న వస్తువు రెండేళ్ళకే మనకు పాతబడితే, లోపం ఎక్కడున్నట్టు? ఫోను బ్యాటరీల్లో వాడే కోబాల్టు సగానికి పైగా కాంగో దేశపు గనులది. వాటిలో కొన్నిచోట్ల పసివాళ్ళు సైతం చాకిరీ చేస్తున్నారు. అవసరం లేని ప్రతి కొనుగోలులో వారి చెమట కూడా ఉంది.

చేతిలోని ఫోను నిజంగా పాడైందా? అప్పు లేకుండా కొనగలిగినది, ఎక్కువకాలం మన్నేది తీసుకోండి, నిశ్చింతగా వాడుకోండి. ఇంకా పనిచేస్తోందా? అయితే ఇంటిల్లిపాదీ కూర్చుని, ముందుగా ‘ఎందుకు’ అని అడగండి. నిజాయితీగా జవాబు చెప్పుకుంటే, ‘ఏది’ అన్న ప్రశ్న చాలాసార్లు మిగలదు.