చౌకసరకును, కొనుగోలు పుణ్యమును

మన దేశమున సొమ్మిచ్చి పాపమును పోగొట్టుకొను పద్ధతి నేటిది కాదు. గోదానము చేయ శక్తి లేనివాడు గోవునకు మాఱుగా కొంత పైకము పురోహితుని చేత నుంచిన ఫలము సమానమే యని చెప్పుట మన యిండ్లలో నెల్లరు నెఱిగినదే. ఆ యాచారమును పరిహసించు చదువుకొన్నవారమే, నేడు అంగడిలో ఆకుబొమ్మ ముద్రించిన పెట్టెను చూచి, దానిని కొన్నచో భూమికి మనము పడియున్న ఋణము తీఱిపోవునని నమ్ముచున్నాము. ఈ నమ్మిక యెంతవఱకు నిలుచునో విచారింతము.

నా కీ ప్రశ్న ఖర్చు రూపమున వచ్చినది. మా యింట పనిచేయు ఆమె కుమార్తె కళాశాలలో చేరినది. ఆ పిల్లకు సెల్‌ఫోను కొనియిత్తమని నా భార్య యనగా, చౌకదియు, భూమికి చెఱుపు చేయనిదియు నై యుండవలెనని నేనంటిని. అంగడివాడు చూపిన ఫోను పెట్టెపై, దాని యొడలు పాత ప్లాస్టికుతో చేసినదనియు, చార్జరును లోపల నుంచకపోవుట పర్యావరణరక్షణ కొఱకే యనియు వ్రాసియుండెను. "చార్జరు తీసివేసినారు గదా అయ్యగారూ, వెల యెంత తగ్గించినారు?" అని ఆ పిల్ల యడిగెను. అంగడివాడు నవ్వి యూరకుండెను. నేనును ఊరకుండవలసి వచ్చినది.

ఇట్టి యత్నములు క్రొత్తవి కావు. 2009వ సంవత్సరమున అమెరికాలో మోటరోలా వారు "రెన్యూ" అను చౌకఫోనును వెలువరించిరి. పాఱవేసిన నీళ్లసీసాల ప్లాస్టికుతో దాని పైతొడుగు చేయబడెను. తయారీయందు పుట్టిన బొగ్గుపులుసు గాలికి పరిహారముగా వేఱొకచోట ధనము వెచ్చించి, లెక్క సరిపోయినదని ధ్రువపత్రము పొందిరి. గోవునకు మాఱు పైకమన్న నిదియే గదా! అయినను పాతఫోనును తిరిగి పంపుటకు తపాలాఖర్చు చెల్లించిన కవరు నొకదానిని ఆ పెట్టెలో నుంచిరి. నా మతమున ఆ సరకంతటిలో మెచ్చదగిన వస్తువు ఆ కాగితపుకవరే.

ఆ యేడే మన దేశమున శాంసంగు వారు వీపున సూర్యఫలకము గల "సోలార్ గురు" అను ఫోనును 2,799 రూపాయలకు అమ్మిరి. ఒక గంట యెండలో నుంచినచో ఐదు మొదలు పది నిమిషములవఱకు మాటలాడవచ్చునట. కరెంటు నిలుకడ లేని పల్లెలో ఆ పది నిమిషములు ఒక ప్రాణమును నిలుపవచ్చును గనుక దానిని నేను తేలికచేయను. కాని అది భూమి భారమును తగ్గించెనా? నేటి ఫోనును దినమున కొకమాఱు నిండుగా చార్జి చేసినను ఏడాదికి పది యూనిట్ల విద్యుత్తు చాలును. మన యింటి పాత పంకా దినమునకు పది గంటలు తిరిగినచో రెండు వారములలో అంతకుమించి త్రాగివేయును. ఫోను వాడుకలో మిగుల్చుకొనదగిన దింతే.

భారమంతయు పుట్టుకయందున్నది. యాపిల్ సంస్థ తన ఫోనులను గూర్చి ప్రకటించు లెక్కలలోనే, ఒక ఫోను జీవితకాలమున వెలువడు వాయువులలో నూటికి ఎనుబది ప్రాంతము తయారీవలన కలుగునవి. కాంగో దేశపు గనులలోని కోబాల్టు మొదలు చిప్పులు చేయు కర్మాగారములవఱకు జరుగవలసిన హాని యంతయు పెట్టె విప్పుటకు ముందే జరిగిపోవును. కావున ఆ హానిని ఎన్నేండ్లకు పంచితిమన్నదే లెక్క. ఈ లెక్కను బట్టి చూడగా, ఏ యాకుబొమ్మయు లేని నోకియా 1100 మెచ్చదగినదిగా కనబడును. 2003లో వచ్చిన ఆ ఫోను దుమ్ము చొరనిది, తలపై దీపము గలది, బొటనవ్రేలితో వెనుకతొడుగు తీసి బ్యాటరీ మార్చుకొనదగినది. ఇరువదియైదు కోట్లకు పైగా అమ్ముడుపోయినదే, అన్ని పుట్టుట మాత్రము భారము కాదా యని యెవరైన నడిగినచో, ఔననియే చెప్పవలెను.

ఇక్కడనే చిక్కు వచ్చుచున్నది. నేటి చౌకఫోనులో బ్యాటరీని జిగురుతో నంటింతురు. తెర పగిలినచో మరమ్మతు వెల సరకు వెలలో సగమునకు ప్రాకును. సాఫ్టువేరు రెండు మూడేండ్లకే ఆగిపోవుట తఱచు. బీదవాడు తక్కువ వెలకు కొని త్వరత్వరగా పాఱవేయవలసినవాడగును. దీర్ఘకాలము నిలుచునట్టిది లేదా? ఉన్నది. ఆంస్టర్‌డాం నగరపు ఫెయిర్‌ఫోను వారు 2023లో తెచ్చిన ఐదవ ఫోనునకు ఎనిమిదేండ్లు సాఫ్టువేరు నిత్తుమని మాటయిచ్చిరి. మరచీలలు విప్పి ఇంటివారే భాగములు మార్చుకొనవచ్చును. అప్పటి వెల సుమారు 700 యూరోలు. మన లెక్కను అరువదివేలకు పైమాట. పుణ్యము ధనికునికి అందుబాటులో నున్నది, పాపము బీదవానికి చౌకగా దొరకుచున్నది.

ఆ పాపఫలమును అనుభవించునది మఱల నెవరు? 2022లో ప్రపంచమున 6 కోట్ల 20 లక్షల టన్నుల విద్యుత్పరికరముల చెత్త పోగుపడగా, క్రమముగా సేకరించి శుద్ధిచేసినట్లు లెక్కకు వచ్చినది నాలుగవవంతైనను లేదు. ఢిల్లీలోని సీలంపూరు సందులలో ఉత్తచేతులతో పలకలు విఱిచి, తీగలు కాల్చి రాగి తీయువారు ఆకుబొమ్మ పెట్టెను కొన్నవారు కారు. మన దేశమున 2023 ఏప్రిలు 1 నుండి అమలైన నియమములు తయారీదారునిపై బాధ్యత నుంచినవి గాని అవి ముఖ్యముగా చచ్చిన సరకు గతిని గూర్చినవి. బ్రతికియున్న సరకు ఆయుస్సును గూర్చి ఐరోపా వారు ముందడుగు వేసిరి. వారి 2023 నాటి చట్టము, కొన్ని మినహాయింపులతో, 2027 ఫిబ్రవరి నుండి అమ్ము పరికరముల బ్యాటరీని కొన్నవాడే తీసి మార్చుకొనగల్గవలెనని విధించినది. ఇట్టి శాసనము మనకును వలయును. కొనువాని మనస్సాక్షిపై నింత బరువు మోపి, చేయువానిని ప్రకటనలు వ్రాసికొన విడుచుట న్యాయము కాదు.

ఇదంతయు ఇంటికి వచ్చి నా భార్యతో చెప్పి, నా సొరుగులో పడియున్న రెండు పాతఫోనులలో నొకదానిని బాగుచేయించి ఆ పిల్ల కిత్తమంటిని. ఆమె, "పాతది వాడుట అంత పుణ్యమైనచో ఆ పుణ్యము మీరే కట్టుకొనరాదా? క్రొత్తది ఆ పిల్ల కిండు" అనెను. ఆఱేండ్లలో మూడు ఫోనులు మార్చినవాడను గనుక నాకు మాట రాలేదు.

మఱునాడు హైదరాబాదు అబిడ్సులోని జగదీశ్ మార్కెటునకు పోయి, అఱచేయంత బల్లపై పనిచేయు ఒక కుఱ్ఱవానిచేత పాతఫోనునకు క్రొత్త బ్యాటరీ వేయించితిని. సాఫ్టువేరు రాకడ దానికి నిలిచిపోయినది గనుక బ్యాంకు పనికి మాత్రము నడిచిపోవుచున్నాను. ఆ పిల్లకు, ఆకుబొమ్మను చూడక, సాఫ్టువేరు ఎన్నేండ్లు వచ్చునో, మరమ్మతుశాల ఊరిలో నున్నదో లేదో అడిగి, క్రొత్తది కొంటిమి. దానికిని పెట్టెలో చార్జరు లేదు. నా సొరుగులో నాలుగుండెను, ఒకటి యిచ్చితిని.