ఇద్దరూ ఒక్కరే

పిట్లం తహసీల్ ఆఫీసు దగ్గర దరఖాస్తులు, అఫిడవిట్లు రాసుకునే బల్ల నాది. మొన్న 80 దాటిన ఒక తాత సంచిలోంచి కాగితాలు తీసి నా ముందు పరిచాడు. 1954-55 ఖాస్రా పహాణీ నకలు తండ్రి పేరున, ఉర్దూలో. అది హైదరాబాద్ రాష్ట్రం నాటిది. తర్వాతి పహాణీ నాటికి ఆంధ్రప్రదేశ్, నిజామాబాద్ జిల్లా. కొత్త పాస్‌బుక్కు మీద తెలంగాణ, కామారెడ్డి జిల్లా. పాత పహాణీలో తాత పేరు చివర ‘డు’ ఉంది, పాస్‌బుక్కులో ‘య్య’. ఇద్దరూ ఒక్కరేనని అఫిడవిట్ కావాలట.

వేదాంతుల దగ్గర ఇలాంటి అఫిడవిట్ ఎప్పటినుంచో ఉంది. అప్పుడెప్పుడో ఆ ఊళ్లో చూసిన దేవదత్తుడే ఇప్పుడు ఈ ఊళ్లో కనబడ్డాడని పోల్చుకోవాలంటే ‘అప్పుడు, ఆ ఊరు’ వదిలెయ్యాలి, ‘ఇప్పుడు, ఈ ఊరు’ కూడా వదిలెయ్యాలి. మిగిలినవాడే దేవదత్తుడు. భాగత్యాగ లక్షణ అంటారు. జీవుడూ బ్రహ్మమూ ఒక్కటేనని తేల్చే యుక్తి అది. నేను పాస్‌బుక్కులకు వాడుకుంటున్నాను.

ఈ లెక్కన రాజ్యాలు మారడం పైపై ఉపాధే. చెక్ వాళ్ల సంగతి చూడండి. 1918లో ఆస్ట్రియా-హంగరీ నుంచి విడిపడి చెకోస్లోవేకియా, 1939లో హిట్లర్ ఏలుబడి, 1948 ఫిబ్రవరిలో కమ్యూనిస్టులు, 1989లో వాళ్ల పతనం, 1993 జనవరి 1న రెండు దేశాలు. ప్రాగ్‌లో ఇల్లు కదలని ముసలమ్మ సంచిలోనూ ఇన్ని కాగితాలుంటాయి. ఆ 1948లోనే సెప్టెంబరు 17న ఇక్కడ నిజాం లొంగిపోయాడు. తర్వాత ఆంధ్రప్రదేశ్ వచ్చిన 1956 నవంబరు 1, తెలంగాణ వచ్చిన 2014 జూన్ 2, మా జిల్లా పుట్టిన 2016 అక్టోబరు 11. తాత మాత్రం తన చెల్క దగ్గరే ఉన్నాడు.

పేరు చివర ఏముంటేనేం, మనిషివి నువ్వే గదా తాతా అన్నాను. ఆయనకు కోపమొచ్చింది.

“రాసేది రాయి బిడ్డా. గని ఆ ‘డు’ నేను గాదు. పట్వారి పిలిచిన పేరది.”

నా వేదాంతం అక్కడ ఆగింది. దేవదత్తుణ్ణి ఎవరూ ‘అరే’ అని పిలిచి ఉండరు; అందుకే ‘అప్పుడు’ను అంత తేలిగ్గా వదిలెయ్యమన్నారు. ‘డు’ పోయి ‘య్య’ వచ్చిన తేదీ ఏ పహాణీలోనూ లేదు. తాత బతుకులో రాజ్యం మారింది మాత్రం ఆ రోజే.

అఫిడవిట్ మామూలుగానే రాశాను, ఇద్దరూ ఒక్కరేనని. ఆఫీసుకు కావలసింది అదే. వేలిముద్ర కోసం ఇంకు ప్యాడ్ జరిపితే తాత దాన్ని పక్కకు తోసి పెన్ను అడిగాడు. చివరి ‘య్య’ రాయడానికి చాలాసేపు పట్టింది.