కురియు ఇంటికి కిరాయి

కిరాయి చెల్లించుటకు గడువుండగా మరమ్మతు చేయించుటకు గడువు లేకుండుట న్యాయమా? ఇది చిన్న ప్రశ్నగా తోచును. కాని కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతములలో మట్టిగోడలపై గూనపెంకులు కప్పిన పాత ఇండ్లలో కాపురముండువారికి ఇది ప్రాణసంకటము. మృగశిర కార్తెకు ముందు మార్పింపని పగిలిన పెంకు, పుష్యమి కార్తెనాటికి గోడను నానబెట్టును. 2022 జూలైలో కడెము జలాశయమును ముంచెత్తినట్టి వానలు వచ్చినపుడు, నానిన గోడ యజమాని తీరిక కొరకు నిలువదు.

"చేయింపనని నేననలేదు గదా" యని యజమాని తన్ను సమర్థించుకొనును. కాని లేదనుటకంటె రేపనుటయే ఇచ్చట ఎక్కువ కీడు. లేదన్నచో కిరాయిదారు వేరుదారి వెదకుకొనును. రేపన్న మాట అతనిని ఆ కప్పు క్రిందనే కట్టివేయును. కావున ఆలస్యము ఊరకుండుట కాదు. అదియు నొక క్రియయే.

1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము 108వ సెక్షను ఈ ధర్మమును కొంత గుర్తించినది. యజమాని తాను చేయింపవలసిన మరమ్మతును, తెలియజేసిన పిదప సమంజసమైన కాలములో చేయింపనిచో, కిరాయిదారు తానే చేయించుకొని ఆ ఖర్చును వడ్డీతో కూడ కిరాయిలో మినహాయించుకొనవచ్చును. అయితే ఏ మరమ్మతు ఎవరిదో కాగితముపై వ్రాసికొననిచోట తగవు తప్పదు. సమంజసమైన కాలమెంతయో కూడ ఆ సెక్షను రోజులలో లెక్కించి చెప్పలేదు.

ఆ లెక్క ఎంత విలువైనదో ఇంగ్లాండులోని రాచ్‌డేలు పట్టణము తెలిసికొన్నది. అచ్చట ఒక గృహసంస్థ ఇంట అవాబ్ ఇషాక్ అను రెండేండ్ల పసివాడు 2020 డిసెంబరులో మరణించెను. తండ్రి 2017 నుండియే బూజును గూర్చి మొరపెట్టుకొనెను. ఆ బూజే మరణకారణమని 2022లో విచారణాధికారి తేల్చెను. ఆ బిడ్డ పేర వెలసిన శాసనము, తక్షణప్రమాదమును 24 గంటలలో తొలగింపవలెనని 2025 అక్టోబరునుండి అట్టి సంస్థలకు గడువు విధించినది.

ఒక్క ఇంటి కిరాయిపైననే బ్రదుకు వృద్ధురాలి చేత సొమ్ము లేకపోవచ్చును. అట్టిచో ఆమె నిజము చెప్పి, కిరాయిదారుచే పని చేయించి, నెలనెల కొంత తగ్గించుకొనుట ఉభయులకు మేలు. పేదరికము క్షమింపదగినది, దాపరికము కాదు.

కిరాయిదారునకును ధర్మము కలదు. అతడు వ్రాసి తెలుపవలెను, రసీదులు దాచవలెను, ఖర్చు మేరకే మినహాయింపవలెను. వాన పేరు చెప్పి కిరాయి యంతయు ఎగగొట్టుట మరియొక అన్యాయము.

కిరాయి తేదీని వ్రాయు చేతితోనే మరమ్మతు గడువును కూడ వ్రాయుట నేర్తుము గాక. ఇల్లు యజమానిదే, దానిలో నిదురించు పిల్లల క్షేమము ఇరువురిది.