ఆ ఒక్క పాయింటు

సెయింట్ కిల్డా అభిమానులు ఇప్పటికీ తిట్టుకునే ఆ బంతి వాళ్ళకు మేలే చేసిందేమోనన్న అనుమానం నన్ను వదలడం లేదు.

2010 సెప్టెంబరు 25, సెయింట్ కిల్డా, కాలింగ్‌వుడ్ జట్ల మధ్య ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్ ఫైనల్. మెల్బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌కు ఆ రోజు వచ్చినవాళ్ళు 1,00,016 మంది. ఎవరో పెళ్ళిలో చదివించినట్టు, లక్షా పదహార్లు! సగం ఆటకు కాలింగ్‌వుడ్ 24 పాయింట్ల ముందుంది. అక్కణ్ణుంచి సెయింట్ కిల్డా పట్టువదలకుండా పుంజుకొచ్చింది. ఆఖరి నిమిషాల్లో తేడా ఒక్కటంటే ఒక్క పాయింటు. సెయింట్ కిల్డా ఆటగాడు లెనీ హేస్ దూరం నుంచి గోల్ వైపు తన్నాడు. దాన్ని అందుకోవడానికి అతని జట్టువాడే స్టీఫెన్ మిల్న్ పరుగెత్తాడు. ఆ ఆట బంతి గుండ్రంగా ఉండదు, కోలగా ఉంటుంది. నేలను తాకాక మిల్న్ వైపు లేచుంటే గోల్, ఆరు పాయింట్లు, కప్పు. అది పక్కకు లేచింది. చేతికి చిక్కకుండా గోల్ స్తంభానికీ బయటి స్తంభానికీ మధ్యలోంచి వెళ్ళిపోయింది. దాన్ని బిహైండ్ అంటారు, గురి తప్పినందుకు దక్కే ఒక్క పాయింటు. 68–68. ఆ తర్వాత ఎవరికీ ఇంకో పాయింటు రాలేదు.

తలరాత అని తేల్చేస్తారు మనవాళ్ళు. నా పేచీ అక్కడే. మిల్న్ దారినపోయే దానయ్య కాదు. గోల్ ముందు బంతి ఎటు లేస్తుందో పసిగట్టడమే అతని పని. అలా పసిగట్టే ఐదొందలకు పైగా గోల్స్ కొట్టాడు. అవన్నీ అతని నేర్పు, ఇదొక్కటే బ్రహ్మ రాసిందా? నెగ్గితే మన కష్టం, ఓడితే మన రాత. ఎంత అనుకూలమైన లెక్క!

పైగా ఆ బంతి ఆరు ఇవ్వలేదు గానీ ఒకటి ఇచ్చింది. ఆ ఒకటీ లేకపోతే సెయింట్ కిల్డా 67–68తో ఆ సాయంత్రమే ఓడేది. అది బతికించింది. ఎందుకు బతికించింది? వారం తర్వాత, అక్టోబరు 2న మళ్ళీ ఆడిన ఫైనల్‌లో, అంటే రీప్లేలో, 108–52తో చిత్తుగా ఓడటానికి. ఒక్క పాయింటుతో ఓడితే లోకం అయ్యో అంటుంది. 56తో ఓడితే ఎవరంటారు?

“రెండో వారం తేలిపోయింది కదా మామయ్యా, కాలింగ్‌వుడ్డే మంచి జట్టు” అన్నాడు మెల్బోర్న్‌లో ఉండే మా మేనల్లుడు. రెండో శనివారం మొదటి శనివారానికి సాక్ష్యం ఎలా అవుతుందిరా అని కసిరాను. తర్వాత మొదటి శనివారం స్కోరు విడదీసి చూశాను. సెయింట్ కిల్డావి 10 గోల్స్, 8 బిహైండ్లు. కాలింగ్‌వుడ్‌వి 9 గోల్స్, 14 బిహైండ్లు. గోల్స్ చూస్తే వీళ్ళు ఒక మెట్టు పైన, దాడులు చూస్తే వాళ్ళు చాలా పైన. కూడితే మాత్రం ఇద్దరికీ 68. ఇంతకీ ఆ రోజు వాళ్ళు సమానమేనా? ఇక్కడ నా బుర్ర మొరాయిస్తుంది.

సెయింట్ కిల్డా గెలిచిన ఒకే ఒక్క కప్పు 1966 నాటిది. అప్పుడూ ఎదుట కాలింగ్‌వుడ్డే. 73–73 దగ్గర బ్యారీ బ్రీన్ తన్నిన బంతి గురి తప్పి బిహైండ్ అయింది. 74–73. ఆ తప్పిన గురికి నేటికీ నీరాజనాలు, మిల్న్‌ను దాటిపోయిన బంతికి శాపనార్థాలు. రెండింటి విలువా ఒక్క పాయింటే. అప్పుడు తీసుకున్న అప్పు ఇప్పుడు తీర్చారని కర్మ చిట్టా విప్పేవాళ్ళూ ఉంటారు. 2010లో ఆడినవాళ్ళెవరూ 1966 నాటికి పుట్టనే లేదు. ఎవరి అప్పు, ఎవరి నెత్తిన?

2016లో లీగ్ రీప్లేను ఎత్తేసింది. స్కోర్లు సమమైతే అదే రోజు అదనపు సమయం ఆడాలి. ఆ నిబంధన 2010లోనే ఉంటే, వెనకబడి లేచొచ్చిన ఊపులో సెయింట్ కిల్డా ఆ సాయంత్రమే గెలిచేదేమో. అదే నిజమైతే వాళ్ళను ముంచింది బంతి కాదు, మధ్యలో వచ్చిన ఆ వారం. ఈ ‘ఏమో’ పట్టుకుని నేనూ ఇంకో తలరాత వెతుక్కుంటున్నానా? కావచ్చు. కాకపోతే దీన్ని రాసింది లీగ్ వాళ్ళు. వాళ్ళతో పోట్లాడొచ్చు, ఆరేళ్ళకు మార్చారు కూడా.